పతకం వచ్చాక కాదు, సదరం క్యాంపులోనే వెతకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశం నుంచి మొదటిసారి ఇద్దరు సైక్లిస్టులు పోటీపడ్డారు. ఒకరు మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా, రెండోవాడు నంద్యాల కుర్రాడు అర్షద్ షేక్. అర్షద్‌ను తయారుచేసింది మన హైదరాబాదే. ప్రమాదంలో కాలు పోయాక సైకిలెక్కి ఆసియా పోటీల్లో పతకాలు గెలిచిన ఆదిత్య మెహతా ఇక్కడ నడిపే ఫౌండేషనే అతనికి అండ. 29 పతకాలొచ్చిన సందడిలో, పతకం రాని ఈ ఇద్దరి పేర్లు పెద్దగా వినపడలేదు. పారాలింపిక్స్‌లో సైక్లింగ్ 1984 నుంచీ ఉంది. అక్కడిదాకా వెళ్లడానికి మనకు 40 ఏళ్లు పట్టిందన్నమాట.

అభినందనలు చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలాంటి కుర్రాడు పైకి రావాలంటే ఇవాళ్టికీ అదృష్టం కలిసిరావాలి. ఎవరి కళ్లలోనైనా పడాలి, ఫలానాచోట నేర్పుతారని ఎవరైనా చెప్పాలి, ఇంట్లోవాళ్లు సరేననాలి. ఎవరి కళ్లలోనూ పడని పిల్లల సంగతేమిటి? వాళ్లెక్కడున్నారో తెలియదని ప్రభుత్వం అనడానికి లేదు. కాలో చెయ్యో లేని పిల్లల్లో చాలామంది ఏదో ఒకరోజు అమ్మానాన్నలతో సదరం క్యాంపుకు, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరానికి, వచ్చేవాళ్లే. డాక్టరు చూస్తాడు, శాతం వేస్తాడు. 40 గానీ ఆపైన గానీ ఉంటే పింఛనుకు అర్హత, నెలకు 4,016 రూపాయలు. అక్కడితో పని అయిపోయినట్టే. 'ఏమైనా ఆడతావా బాబూ?' అని అడిగే మనిషి మాత్రం ఆ బల్ల దగ్గర నాకెప్పుడూ కనపడలేదు. బడిలోనూ అంతే. గేమ్స్ పీరియడ్‌లో అలాంటి పిల్లాణ్ని చెట్టుకింద వాటర్ బాటిళ్లకు కాపలా కూర్చోబెట్టడం చాలా స్కూళ్లలో మామూలే.

నార్సింగి వైపు సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఒక కుర్రాణ్ని దగ్గర్నుంచి చూశాను. కృత్రిమ కాలు తీసి పక్కన ఆనించి, ఒంటికాలితోనే తొక్కుతున్నాడు. వాళ్ల నాన్న సీటు పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలాడు. రెండు కాళ్లుంటే ఒకటి కిందికి తొక్కుతుంటే రెండో పెడల్ దానంతటదే పైకొస్తుంది. ఒంటికాలికి ఆ సాయం ఉండదు. తొక్కిన కాలే మళ్లీ పెడల్‌ను పైకి లాగాలి, అందుకే బూటు పెడల్‌కు బిగిసిపోయేలా అడుగున క్లీట్ ఉంటుంది. ఆగినప్పుడు అడిగితే, "ఈ కాలు పెట్టుకుని తొక్కితే చెమటకి లోపలంతా ఒరుసుకుపోతది అంకుల్, పుండు పడితే వారం దాకా సైకిల్ బంద్" అన్నాడు. నడకకు పనికొచ్చే కాలు వేరు, రేసుకు పనికొచ్చే కాలు వేరు. ఉచిత క్యాంపుల్లో పంచేది మొదటి రకం. ఇక మంచి రేసు సైకిల్ ధర లక్షల్లో మాట. పింఛను డబ్బుతో అయ్యే పనేనా?

పరుగుల రాణి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్ నుంచి కాంస్యంతో రాగానే తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఎంతో సంతోషం. ఆ అమ్మాయి పరుగును మొదట పసిగట్టింది బడిలో పీఈటీ కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ సంతోషం (నేనూ పీఈటీగా చేసినవాణ్నే, మా గురించి పేపర్లో మంచి మాట రావడం అరుదు లెండి). కానీ పతకం తెచ్చాక ఇచ్చే కోటిలో పదో వంతైనా ముందే ఖర్చుపెడితే ఒక జిల్లా పిల్లలకు కొన్ని రేసు సైకిళ్లు అరువివ్వొచ్చు. పెద్దయ్యాక తిరిగిచ్చేస్తారు, వెనకవాళ్లు తొక్కుతారు.

ఇంకోమాట. సదరం శాతానికీ పారా సైక్లింగ్ వర్గీకరణకూ సంబంధం లేదు. మామూలు సైకిల్ తొక్కేవాళ్లను సి1 నుంచి సి5 దాకా విడదీస్తారు, అంకె తగ్గేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. అర్షద్‌ది సి2. కాళ్లు పనిచేయనివాళ్లకు చేతులతో తిప్పే సైకిల్ ఉంది, చూపు లేనివాళ్లకు ముందు ఒకరు కూర్చుని నడిపే జంట సైకిల్ ఉంది. ఈ సంగతులు మా పీఈటీల్లోనే ఎక్కువమందికి తెలియవు. ఒక్కరోజు శిక్షణ పెడితే తెలుస్తాయి. 2002 జాతీయ క్రీడల పేరు చెప్పి కట్టిన ఉస్మానియా వెలోడ్రోమ్‌లోనూ (సైకిల్ పందేల మైదానం), ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర కట్టిన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌లోనూ వారానికి కొన్ని గంటలు ఈ పిల్లలకే వదలాలి. వెలోడ్రోమ్‌లో తొక్కే ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, దాన్ని రోడ్డు మీద నేర్చుకోమనలేం కదా!

2028 లాస్ ఏంజెలెస్‌కు ఇప్పటికే ఆలస్యమైంది. 2032 బ్రిస్బేన్‌కు ఇంకా టైముంది. సదరం క్యాంపుల తేదీలు ప్రకటించేటప్పుడు జిల్లా క్రీడాధికారి కూడా హాజరవుతారని ఒక్క లైను చేర్చండి చాలు, దానికి ఖర్చేమీ లేదు.

– ఒక రిటైర్డ్ పీఈటీ,
నాచారం, హైదరాబాద్