చెక్క వంతెనలకు తారు పూత చాలదు

సంపాదకులకు నమస్కారములు.

కోనసీమలో పొలాలకు, చిన్న పేటలకు వెళ్లే దారుల్లో పంట కాలువల మీద నేటికీ తాటి దూలాలు పరిచిన వంతెనలే దిక్కు. గత ఏడాది మా ఊళ్లో అలాంటి వంతెన మీద ఎరువు బస్తా మోసుకెళ్తుండగా మా బావమరిది కాలు మోకాలి దాకా దిగబడింది. వేసవిలో కాలువకు నీరు కట్టివేశాక, వడ్రంగి పని తెలిసినవాడిని కనుక, దిగి చూశాను. పైన పూసిన తారు నిగనిగలాడుతూనే ఉంది గానీ, మేకు పక్కన ఉలి ఆనిస్తే పిడి దాకా దిగిపోయి, తడి పొట్టు రాలింది.

పైపూత కర్ర లోపలికి దిగదు. మేకుకో బోల్టుకో బెజ్జం పడగానే వాన నీరు లోనికి చేరుతుంది, చేరిన తడిని ఆ తారే ఆరనివ్వదు. పైగా తాటిమానుకు చేవ అంతా వెలుపలే, నడుమ ఉన్నది మెత్తని బెండు. కర్రను బాగా ఆరబెట్టి, మూసిన ఇనుప సిలిండర్‌లో గాలి లాగేసి, పుచ్చు పట్టనివ్వని మందును ఒత్తిడితో ఎక్కించడమే సరైన పద్ధతి. ఇది 1838 నుంచీ ఉన్నదే. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టినవారు సొంటి కామేశం గారు. ఇంటిపేరు చూస్తే మనవారే అనిపిస్తుంది, మన ఊళ్లలో ఆయన పేరు విన్నవారు మాత్రం అరుదు.

అయితే అందులోని ఆర్సెనిక్ విషం కనుక ఆ మందును కళ్లు మూసుకుని వాడమని నేను అనను. డెల్టాలో పంట కాలువ నీరే ఊరి మంచినీటి చెరువులోకి వెళ్తుంది. అమెరికాలో ఇళ్ల అవసరాలకు ఈ మందు పట్టించిన కర్ర తయారీని 2003 చివరికల్లా పరిశ్రమే మానుకుంది. కనుక నీటిలో నిలిచే కాళ్లు కాంక్రీటువి కట్టి, పైన పరిచే చెక్కకు మాత్రం ఆర్సెనిక్ లేని రాగి మందు ఎక్కించడం మేలు. కోయగా మిగిలిన ముక్కలు పొయ్యిలోకి పోకుండా చూడటం అంతకన్నా ముఖ్యం. ఆర్సెనిక్ పట్టిన పాత చెక్కను కాలిస్తే ఆ విషం పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది, మన ఇళ్లలో ఆ బూడిదతోనే అంట్లు తోముతారు.

బెజ్జాలు, కోతలు మందు ఎక్కించక ముందే పూర్తి కావాలి, తప్పనిసరై తర్వాత కోస్తే ఆ చివరలకు మళ్లీ మందు పట్టించాలి. కర్ర సంరక్షణకు ఐ.ఎస్. 401 అనే భారతీయ ప్రమాణం ఉంది. వచ్చే వేసవిలో కాలువలకు నీరు కట్టివేసేలోగా వేసే వంతెన పనుల అంచనాల్లో ‘తారు పూత’ అన్న మాట తీసివేసి, ఆ ప్రమాణాన్ని, మందు ఎక్కించినట్టు ధ్రువపత్రాన్ని షరతుగా చేర్చవలసిందిగా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కోనసీమ