విదేశాలకు వెళ్లే టీచర్లకు క్లాసు గురించి కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

విదేశాల్లో టీచరు ఉద్యోగాల గురించి పత్రికల్లో తరచుగా వస్తోంది. ఇంగ్లండులో లెక్కలు, సైన్సు టీచర్లు కావాలట, అమెరికాకు జె-1 అనే తాత్కాలిక ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లవచ్చట, మాల్దీవుల్లోనూ గల్ఫ్‌లోనూ ఖాళీలున్నాయట. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే వెలితి కనిపిస్తోంది. జీతం ఎంతో రాస్తారు, వీసా ఎలా తెచ్చుకోవాలో రాస్తారు. తీరా అక్కడ దిగి, కొత్త పిల్లల ముందు నిలబడ్డ మనిషికి ఏం ఎదురవుతుందో మాత్రం ఎవరూ రాయరు. అది తెలిసినవాళ్లు మన చెన్నైలోనే, మన తెలుగు ఇళ్లలోనే చాలామంది ఉన్నారు. వాళ్లని అడిగేవాళ్లే లేరు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పుట్టిల్లు నెల్లూరు జిల్లా, పెళ్లయ్యాక పెరంబూరు. 2012లో ఇథియోపియా వెళ్లి గోండర్ అనే ఊళ్లో నాలుగేళ్లు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ కాలంలో ఆ దేశం వరసగా కొత్త యూనివర్సిటీలు తెరుస్తోంది. లెక్చరర్ల కోసం ఇండియా వైపు చూసింది. కోస్తా నుంచి, హైదరాబాదు నుంచి, ఇక్కడ తమిళనాడు నుంచి ఎందరో వెళ్లారు. అంతకు చాలా ముందే, హైలే సెలాసీ చక్రవర్తి రోజుల్లోనే, మన దేశపు మాస్టర్లు అక్కడి బళ్లలో పనిచేశారు. అందుకే బజార్లో తల నెరిసినవాళ్లు ఆగి మరీ పలకరించేవారు, చిన్నప్పుడు తమకు లెక్కలు నేర్పింది ఇండియన్ మాస్టారేనని. ఆ మాస్టర్లు ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్లు సంపాదించి పెట్టిన మంచి పేరు మీద మేమంతా బతికాం.

ఇప్పుడు మా మరిది గారి కోడలి సంగతి చెబుతాను. ఫిజిక్స్ టీచరు, మాల్దీవులకు వెళ్లాలని చూస్తోంది. ఇంటికొచ్చిన చుట్టాలంతా "ఎంతిస్తారమ్మా? చేతికి ఎంత మిగులుతుంది?" అని అడిగినవాళ్లే. ఒక ఏజెంటు లక్షన్నర అడిగి, అందులో సగం ముందే తీసుకున్నాడు. అతనిచ్చిన కాగితంలో ఇల్లు ఎవరిస్తారో లేదు, జీతం ఏ కరెన్సీలోనో లేదు, ఏ దీవిలో వేస్తారో అసలే లేదు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీసు చార్జీ తీసుకోకూడదు. అతను రిజిస్టరయ్యాడో లేదో ప్రభుత్వం నడిపే ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అడగడానికి, విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల బాగోగులు చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ ఆఫీసు చెన్నైలోనే ఉంది. ఇవన్నీ ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మా ఇంటికొచ్చి, "పెద్దత్తయ్యా, ఆ ఊళ్లో మొదటిరోజు క్లాసుకెళ్లి నేనేం చెయ్యాలి?" అని అడిగింది. అంత మంచి ప్రశ్న ఆ నెల రోజుల్లో ఆ ఇంట్లో ఇంకెవరి నోటా రాలేదు.

నేను మాల్దీవులు చూడలేదు. అందుకని అయనావరంలో ఉండే నా స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అక్కడ ఒక దీవిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చింది. ఒక్క సాయంత్రంలో ఆవిడ చెప్పినవి ఏ ప్రకటనలోనూ ఉండవు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు; ఆదివారం బడి ఉంటుంది. అక్కడి దివేహి భాషను కుడి నుంచి ఎడమకు రాస్తారు. పై తరగతుల్లో కేంబ్రిడ్జ్ పరీక్షలకు చదివించాలి కాబట్టి, సీబీఎస్‌ఈకి అలవాటుపడిన టీచరు పాత ప్రశ్నపత్రాలు ఇక్కడే కూర్చుని చేసి చూసుకుని వెళ్లాలి. పూజకు విగ్రహాలు తీసుకెళ్లకూడదు, కస్టమ్స్‌లో అనుమతించరు. ఆ పిల్ల వాళ్లమ్మ అప్పటికే చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ముందే తెలిసింది కాబట్టి తీసి ఇంట్లోనే ఉంచుకున్నారు. విమానాశ్రయంలో తెలిసుంటే ఆ పిల్ల ఉద్యోగం ఏడుపుతో మొదలయ్యేది.

ఇథియోపియాలో మొదటి నెలలు నాకెలా గడిచాయో కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ రోజు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. క్లాసు రెండింటికి అంటే ఉదయం ఎనిమిదింటికి అని. ఏడాదికి 13 నెలలు, చివరి నెలలో అయిదు రోజులో ఆరు రోజులో ఉంటాయి. కొత్త సంవత్సరం సెప్టెంబరులో వస్తుంది. మన క్యాలెండరు కంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది కాబట్టి, పిల్లల రికార్డుల్లో పుట్టిన సంవత్సరం చూసి వయసు లెక్కేస్తే కుదరదు. ఇంటిపేర్లు ఉండవు. పిల్లవాడి పేరు, పక్కన తండ్రి పేరు, అవసరమైతే తాత పేరు. ఒకే పేరున్న పిల్లలు క్లాసులో ముగ్గురుంటే తండ్రి పేరుతో పిలవాలి. హాజరుపట్టీ మీద ఈ పేర్లు సరిగా పలకడం నేర్చుకోవడానికి నేను రాత్రిళ్లు కూర్చుని చదువుకున్నాను. పిల్లవాడి పేరు సరిగా పలికితే సగం క్లాసు మనదైనట్టే అని నాకు గట్టి నమ్మకం.

లిపి కూడా నేర్చుకున్నాను. అమ్హారిక్ అక్షరాలను ఫిదెల్ అంటారు. ఒక్కో హల్లుకు ఏడు రూపాలు: లె, లు, లీ, లా, లే, ల్, లో. గుణింతం దిద్దుకున్న తెలుగువాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఆకారాలు గుర్తుపెట్టుకోవడమే పని. దుకాణం బోర్డులు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాక ఊరు నాతో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇక పాఠం. మొదటివారం క్లాసంతా మౌనం. ప్రశ్న అడిగితే తలలు దించుకునేవారు. మాతో వచ్చిన ఇండియన్ లెక్చరర్లలో కొందరు స్టాఫ్‌రూములో "వీళ్లకేం రాదండీ" అని తేల్చేసేవారు. ఆ మాట నాకు అప్పుడూ బాధే, ఇప్పుడూ బాధే. ఆ పిల్లల్లో చాలామంది ప్రాథమిక చదువు సొంత భాషలో చదివి, హైస్కూలుకు వచ్చాక ఇంగ్లీషులో పడ్డవాళ్లు. ఒకే బెంచీ మీద అమ్హారిక్ మాట్లాడే పిల్ల, ఒరోమో మాట్లాడే పిల్లవాడు, టిగ్రిన్యా మాట్లాడే పిల్లవాడు కూర్చునేవారు. పైగా మన ఇంగ్లీషు యాస, మన వేగం వాళ్లకు కొత్త. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంటర్లో ఇంగ్లీషు మీడియం చేరిన పిల్లలు మనకు తెలియదా? నెమ్మదిగా మాట్లాడడం, ముఖ్యమైన మాటలు బోర్డు పక్కన రాసి పెరియడ్ అంతా చెరపకుండా ఉంచడం, జవాబు ముందు పక్కవాడికి సొంత భాషలో చెప్పుకోనిచ్చి ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పించడం, ఇవి చేశాక గొంతులు లేచాయి.

క్లాసు నిజంగా నాదయింది మాత్రం మరుగుతున్న నీళ్లతో. గోండర్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ విడి గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు, ప్రెషర్ కుక్కర్ ఉండాల్సిందే. కారణం నాకు తెలిసిందే: ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. పుస్తకంలో మాత్రం 100 డిగ్రీలనే ఉంటుంది, పిల్లలు అదే వల్లెవేస్తారు. ఒకరోజు హీటరు, గిన్నె, థర్మామీటరు క్లాసుకు తీసుకెళ్లాను. నీళ్లు తెర్లుతున్నాయి. వెనక బెంచీవాళ్లను ఒక్కొక్కరిని పిలిచి రీడింగు చూడమన్నాను. 93. ఇంకొకరు, 93. థర్మామీటరు పాడైందన్నారు. ఇంకోటి పెట్టాం, అంతే. అప్పుడు ఒక పిల్ల లేచి, పల్లంలో ఉండే వాళ్ల మేనమామ ఇంట్లో గింజలు త్వరగా ఉడుకుతాయని, వాళ్లమ్మ ఆ మాట ఎప్పుడూ అంటుందని చెప్పింది. అఫార్ వైపు నుంచి వచ్చిన పిల్లవాడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, "టీచర్, దనకిల్‌లో అయితే?" అని అడిగాడు. దనకిల్ పల్లం సముద్రమట్టానికి 100 మీటర్లకు పైగా కింద ఉంటుంది. అక్కడ నీళ్లు 100 దాటి మరగాలి. ఇంకొకడు రాస్ దషెన్ శిఖరం లెక్క వేశాడు, 4,500 మీటర్లకు పైనున్నది, దాదాపు 85 వచ్చింది. ఒక్క దేశంలోనే ఆ పల్లం, ఈ శిఖరం రెండూ ఉన్న పిల్లలకు ఈ పాఠం ఎంత సొంతమో చూడండి. ఆ పెరియడ్ తర్వాత నా క్లాసులో మౌనం లేదు.

వెళ్లేవాళ్లకు నేను చెప్పే ముఖ్యమైన మాట ఇదే. వెళ్లబోయే దేశపు భూగోళం, పంటలు, పండగలు, బడి పుస్తకాలు కాస్తయినా చదివి వెళ్లండి. పచ్చళ్ల డబ్బాలకు పెట్టే శ్రద్ధలో సగం దీనికి పెట్టండి. తిండికి దారి దొరుకుతుంది. ఇథియోపియాలో బుధ, శుక్రవారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం, మాంసం, పాలు, నెయ్యి ముట్టరు కాబట్టి హోటళ్లలో పప్పులు, కూరలతో శాకాహార భోజనం సుఖంగా దొరుకుతుంది. ఎవరైనా కాఫీకి పిలిస్తే తప్పక వెళ్లండి. గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, మూడుసార్లు పోస్తారు. ఒక కప్పు తాగి లేచిపోవడం మర్యాద కాదు. పరీక్షల కమిటీ ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఏ కాగితం ఇవ్వాలి లాంటివి నాకు తెలిసింది ఆ మూడో కప్పు దగ్గరే.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు విదేశాంగ శాఖ బ్రాంచి ఆఫీసు చెన్నైలో ఉంది. పాస్‌పోర్టులో, డిగ్రీలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిపేరు ఉంటే చాలా టెన్షన్. ఇథియోపియా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టవచ్చు. జీతం డాలర్లలో రాసి స్థానిక కరెన్సీలో ఇస్తారా, ఇంటికి ఎంత పంపనిస్తారు అన్నది కాంట్రాక్టులో రాయించుకోవాలి. 2024 జూలైలో ఇథియోపియా తన కరెన్సీ బిర్ విలువను మార్కెట్‌కు వదిలేసింది, కొద్ది వారాల్లోనే డాలరు 57 బిర్‌ల నుంచి 100 దాటింది. బిర్‌లలో జీతం తీసుకునేవాళ్ల గతి ఏమిటో ఊహించుకోండి. జె-1 మీద అమెరికా వెళ్లేవాళ్లు అది మూడేళ్ల మాటనీ, పొడిగింపు దొరికినా మరో రెండేళ్లేననీ గుర్తుంచుకుని ఇక్కడి ఉద్యోగం, పిల్లల చదువు ఆలోచించుకోవాలి. ఇంగ్లండు ప్రభుత్వం 2023లో మన దేశపు టీచర్లకు క్యూటీఎస్ (అక్కడి బళ్లలో టీచరుగా గుర్తింపు) అర్హత కోసం దరఖాస్తు చేసుకునే దారి తెరిచింది గానీ, ఆ అర్హత వేరు, ఉద్యోగం వేరు. ఏ దేశమైనా సరే, దిగగానే మన రాయబార కార్యాలయంలో పేరు రాయించుకోండి. నేను వచ్చేశాక, 2020 నవంబరులో ఇథియోపియా ఉత్తరాన ఉన్న టిగ్రే ప్రాంతంలో యుద్ధం మొదలైంది. నా దగ్గర చదివిన టిగ్రే పిల్లల్లో కొందరి కబురు నాకు ఈనాటికీ లేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. వారానికి ఒకసారి అరపేజీ ఇవ్వండి. బయటి దేశాల్లో చదువు చెప్పి వచ్చిన టీచర్ల చేత రాయించండి. ఒక వారం మాల్దీవులు, ఒక వారం ఇథియోపియా, ఒక వారం ఒమన్. జీతం వివరాలు ఒక మూల ఉంటే చాలు. అక్కడి బడి గంట ఎన్నింటికి కొడతారు, పిల్లలు టీచర్ని ఏమని పిలుస్తారు, తల్లిదండ్రులు బడికి వస్తారా, మార్కులు ఎలా వేస్తారు, ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లకు ఇల్లు ఎలా దొరుకుతుంది, ఇవి రాయించండి. చెన్నైలోని తెలుగు సంఘాల పెద్దలకూ ఇదే మనవి. మైలాపూరులో అమరజీవి పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనంలో ఉగాది సభలు, కవి సమ్మేళనాలు జరుగుతూనే ఉంటాయి. నెలకు ఒక ఆదివారం సాయంత్రం అక్కడే వెళ్లేవాళ్లనూ వెళ్లొచ్చినవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టండి. ఉపన్యాసాలు, సన్మానాలు అక్కర్లేదు.

అలాంటి సమావేశం పెడితే నేనూ, అయనావరం స్నేహితురాలూ తప్పకుండా వస్తాం. నా పాఠాల నోట్సులు, ఫిదెల్ అక్షరాల చార్టు, క్యాలెండరు మార్చుకునే పట్టిక భద్రంగా ఉన్నాయి, ఎవరికి కావాలన్నా జిరాక్స్ తీసి ఇస్తాను. ఇథియోపియా వెళ్లేవాళ్లెవరైనా మీ కార్యాలయానికి ఉత్తరం రాస్తే దయచేసి నాకు పంపండి, జవాబు రాసే పూచీ నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
పెరంబూరు, చెన్నై