వార్షిక నివేదిక: ఏడాదంతా జరీ పనే

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరే తీర్మానించారు కాబట్టి ఈ ఏడాది బొమ్మలకు రంగులేసే మన సంఘం కార్యక్రమాలన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: చారిత్రక సైనికుల బొమ్మల మీద బంగారు జరీ, గుండీలు, కవచాలు, మొత్తంగా లోహపు రంగుల పని. ఆ తీర్మానం ఎందుకు చేశామో అందరికీ గుర్తుండే ఉంటుంది. పోటీ బల్ల మీద బొమ్మల ముఖాలు బ్రహ్మాండం, కోటు మడతలు బ్రహ్మాండం, తీరా భుజాల దగ్గరికి వచ్చేసరికి ఒకటే జిగేలు. సీసాలోని బంగారు రంగు తీసి నేరుగా పూసేస్తే అంతే మరి. ఈసారి బల్ల మీద ఆ జిగేలు బాగా తగ్గింది. ఎలా తగ్గిందన్నదే ఈ నివేదికలో ముఖ్యం. లెక్కలు, తీర్మానాలు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

మొదట్లో ఎవరినీ బ్రష్ పట్టుకోనివ్వలేదు. అక్కడ ఉన్నది బంగారమా, వెండా, ఇత్తడా అన్నది ముందు తేల్చాలని యూనిఫాం అధ్యయన బృందం పట్టుబట్టింది. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు గానీ బృందం చేసింది మంచి పని. నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ సైన్యంలో లైన్ పదాతిదళానికి (బారులు తీరి పోరాడే ప్రధాన కాల్బలానికి) పసుపు లోహపు గుండీలు, లైట్ పదాతిదళానికి (చురుగ్గా కదిలే తేలిక కాల్బలానికి) తెల్ల లోహపువి. అధికారుల ఎపాలెట్లు, అంటే భుజాల మీది పట్టీలు, అదే లెక్కన లైన్ వాళ్ళకి బంగారు రంగువి, లైట్ వాళ్ళకి వెండివి. కెప్టెన్‌కి కుచ్చులున్న ఎపాలెట్ ఎడమ భుజం మీదే ఉంటుంది, కుడివైపుది కుచ్చుల్లేని ఉత్త పట్టీ. కల్నల్ అయితే రెండు భుజాలకీ లావుపాటి మెలికల కుచ్చులు. బ్రిటిష్ అధికారుల జరీ రెజిమెంటును బట్టి మారేది. 1830లో నాలుగో విలియం రాజు కాలంలో రెగ్యులర్ సైన్యానికి బంగారు జరీ, మిలీషియాకి (స్థానిక పౌరదళానికి) వెండి జరీ అని ఖాయం చేశారు. కాబట్టి 1815 వాటర్లూ యుద్ధం నాటి బ్రిటిష్ అధికారికి కళ్ళు మూసుకుని బంగారు రంగు వేయడానికి లేదు, రెజిమెంటు ఏదో చూసుకోవాలి.

కవచాల సంగతీ అంతే. ఫ్రెంచ్ క్యూరాసియర్ల (కవచం తొడిగే భారీ అశ్వికదళం) కవచం ఉక్కుది, దాని మీది రివెట్లు ఇత్తడివి. మరో భారీ అశ్వికదళమైన కారబినియర్లకు 1809 డిసెంబరు ఉత్తర్వు తర్వాత వచ్చిన కవచానికి ఇత్తడి రేకు ఉంటుంది. బ్రిటిష్ హౌస్‌హోల్డ్ కావల్రీకి (రాజు రక్షక అశ్వికదళానికి) కవచాలు 1821లో నాలుగో జార్జి పట్టాభిషేకానికి గానీ రాలేదు. వాటర్లూ దృశ్యంలో ఆ దళంలోని లైఫ్ గార్డ్స్‌కి తళతళలాడే కవచం తొడగాలని ఉబలాటపడిన సభ్యులు ఈ ఒక్క సమాచారంతో బోలెడు పని తప్పించుకున్నారు. రోమన్ సైనికుల పట్టీల కవచం ఇనుముది, కొక్కేలూ మడతబందులూ ఇత్తడివి. దాన్ని నిలువెల్లా బంగారంలో ముంచే అలవాటు ఇకనైనా మానుకుందాం.

ఇక అసలు సమస్య. మనం కొనే బంగారు రంగుల్లో బంగారం ఉండదు. పాతకాలపు వాటిలో రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడి ఉండేది. ఇప్పటి అక్రిలిక్‌లలో చాలావాటిలో టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పూత ఉన్న అభ్రకం రేకులు ఉంటాయి. 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేకు విడిగా మన కంటికి ఆనదు. కానీ 54 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో దాదాపు 32వ వంతు. ఆ రేకును 32 రెట్లు చేసి చూడండి, దగ్గర దగ్గర ఒక మిల్లీమీటరు. అంటే ఆ అధికారి జరీ అంతా మిల్లీమీటరు సైజు చమ్కీలు చల్లినట్టు లెక్క. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద ఆ చమ్కీ ఇంకా పెద్దది. నిజం జరీ అలా మెరవదు. పట్టుదారం చుట్టూ బంగారు పూత వేసిన సన్నని వెండి తీగను చుట్టి, ఆ దారంతో నేస్తారు. ఎటు నుంచి చూసినా అందులో చాలా భాగం నీడలోనే ఉంటుంది. అందుకే జరీకి ముందు నీడ వేయాలి, మెరుపు తర్వాత. ఏడాదంతా వర్క్‌షాపుల్లో చెప్పుకున్నది ఈ ఒక్క మాటే.

ఎపాలెట్ మీద మనం స్థిరపడిన పద్ధతి ఇది. ప్రైమర్ (అడుగు పూత) ఆరాక మొత్తానికీ ఎర్ర ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు. బంగారు రేకు అతికే పనివాళ్ళు రేకు కింద ఎర్ర మట్టి పూసేది కూడా ఇందుకే, అడుగున ఎరుపు ఉంటే బంగారానికి వెచ్చదనం వస్తుంది. నలుపు మీద వేస్తే కాస్త ఆకుపచ్చకి తిరుగుతుంది. తర్వాత ఉబ్బెత్తు భాగాల మీద ఓకర్, అంటే పసుపు మట్టి రంగు. లోహపు రంగు ఇప్పుడు, అదీ పైవైపు సగానికే. బ్రష్‌ను టిష్యూ మీద ఒకసారి తుడిచి, మొనతో కాకుండా పక్కవాటుగా ఆనిస్తే రంగు ఎత్తుగా ఉన్నచోటే అంటుకుంటుంది, పల్లంలోకి దిగదు. కుచ్చుల్లో ఒక్కో పోగుకి పైన ఒక చుక్క, వంపు తిరిగేచోట ఇంకో చుక్క చాలు. పోగుల మధ్య సందుల్ని ముట్టుకోవద్దు. ఆఖర్న బంగారంలో కొంచెం వెండి కలిపి, బాగా వెలుగు పడేచోట తాకించాలి. తెలుపు మాత్రం కలపొద్దు, లోహం కాస్తా సుద్దగా మారుతుంది. పల్లాల్లో బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) గ్లేజ్, అంటే పలచటి పారదర్శక పూత; కోటుకీ ఎపాలెట్‌కీ మధ్య నలుపుకి దగ్గరగా ఉండే గోధుమ గీత. ఈ గీత వేయడానికి ముందూ, వేశాకా బొమ్మను చేయి చాచి పట్టుకుని చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

కాలర్ మీదా చేతి పట్టీల మీదా ఉండే చదును జరీకి సభ్యులు టెన్షన్ పడ్డారు, అక్కడ బ్రష్‌కి ఆధారంగా ఎత్తు ఉండదు. నిజంలో 12 మిల్లీమీటర్ల జరీ 54 మిల్లీమీటర్ల బొమ్మ మీద 0.4 మిల్లీమీటర్ల లోపే వస్తుంది. అంత సన్నంగా ఒకే ఊపులో గీయనక్కర్లేదు. కాస్త వెడల్పుగా గీసి, కోటు రంగుతో రెండు పక్కలా కోసుకుంటూ రావాలి. మిగిలిన పట్టీ మీద బంగారాన్ని నిలువునా లాగకుండా చిన్న చిన్న అడ్డగీతలుగా పెడితే నేత కనిపిస్తుంది. ఫ్రెంచ్ మార్షల్ కాలర్ మీది ఓక్ ఆకుల కుట్టుపనిలో ప్రతి ఆకూ వేయాలని కూర్చుంటే పిచ్చెక్కుతుంది. మెలికలు తిరిగిన గీత, దాని పక్కన చుక్కలు చాలు, మిగతాది చూసేవాళ్ళ కన్ను పూర్తి చేసుకుంటుంది.

రంగుల పరీక్షకు సంఘం తరఫున నమూనా పలకలు తయారుచేశాం. వల్లెహో కంపెనీ లిక్విడ్ గోల్డ్ మెరుపులో అన్నిటికన్నా ముందుంది. అది ఆల్కహాల్ రంగు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనే పలచన చేయాలి, నీళ్ళు తగిలితే పాడవుతుంది. హంబ్రోల్ కంపెనీ 16 నంబరు బంగారు ఎనామెల్‌కి పాత అభిమానులు ఇంకా ఉన్నారు. బంగారు రంగు ప్రింటింగ్ ఇంకులో ఆయిల్ పెయింట్ కలిపే పాతకాలపు పద్ధతిని సీనియర్లు చేసి చూపించారు. ఆరడానికి ఆలస్యమే గానీ నునుపు విషయంలో దానికి సాటి లేదు. ఇత్తడి పొడి ఉన్న రంగులు ఏళ్ళ మీద నల్లబడతాయి, దాచుకునే బొమ్మలకు వద్దు.

లోహపు రంగే వాడకుండా గోధుమ, ఓకర్, పసుపు, లేత దంతపు రంగులతో లోహమని భ్రమింపజేసే నాన్ మెటాలిక్ పద్ధతి మీద వాదనలు సమావేశాల్లో గంటలు మింగేశాయి. కార్యవర్గంలో ఏకాభిప్రాయం లేదు. నా మటుకు నాకు జరీకి ఆ పద్ధతి, కవచానికి నిజమైన లోహపు రంగు బాగుంటాయనిపిస్తుంది. జరీ గుడ్డే కాబట్టి వెలుగును గీసి చూపించవచ్చు. కవచం ఆకాశాన్నీ నేలనీ చూపించే అద్దం, బొమ్మను తిప్పుతుంటే వెలుగు కదలకపోతే మోసం బయటపడుతుంది. పోటీలో రెండిటికీ ఒకే విభాగం ఉంచాం. ఇకపై న్యాయనిర్ణేతలు ఒకే దీపం కింద బొమ్మను చుట్టూ తిప్పి చూసి మార్కులు వేస్తారు. ఫొటో చూసి వేసే మార్కులు రద్దు.

ఒక సభ్యుడి హుస్సార్ (తేలిక అశ్వికదళ సైనికుడి) బొమ్మకి చివర్లో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేయగానే జరీ అంతా బురద రంగుకి వచ్చింది. అందరూ గుర్తుపెట్టుకోండి: ముందు మ్యాట్ వార్నిష్, అది ఆరాకే లోహపు రంగులు. వాటి మీద రక్షణ కావాలంటే కాస్త మెరుపుండే శాటిన్ వార్నిష్ బ్రష్‌తో వేసుకోవాలి.

వర్క్‌షాపు బల్ల దగ్గర లోహపు రంగులకు వేరే నీళ్ళ గ్లాసు, వేరే బ్రష్‌లు, వేరే పాలెట్ పెట్టాం. దయచేసి కలపకండి, ఒక్క రేకు ముఖం రంగులోకి వెళ్ళినా బుగ్గ మీద మెరుస్తూ కూర్చుంటుంది. బ్రష్ మొనను పెదాలతో సూది చేసే అలవాటు ఉన్నవాళ్ళు మానుకోవాలి. పాత సీసపు బొమ్మలు పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, వాటి నకలు సమావేశం బల్ల మీద ఉంటుంది. రంగుల ఖర్చు పెరిగింది, నమూనా పలకలే కారణం. చందాలు యథాతథం. వచ్చే ఏడాదికి గుర్రాల చర్మపు రంగులు, ఉక్కు కవచాలు అని రెండు ప్రతిపాదనలు వచ్చాయి, సమావేశంలో చేతులెత్తి నిర్ణయిద్దాం. నమూనా పలకలు ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఆ రోజు వెంట తెచ్చి ఇవ్వాలని మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి