ఆదివారం ఆట: ఈసారి వేషాలు మార్చి

అందరికీ నమస్తే. మన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్, అంటే పాచికలు వేస్తా, తలా ఒక పాత్రగా మాట్లాడి కథ నడిపే ఆట) ఆదివారం సాయంత్రం 4 గంటలకి, తిరుపతి బాలాజీ కాలనీలో మా మిద్దెపైనే. వానొస్తే కింద హాల్లో.

ఈసారి మగోళ్ళు ఆడ పాత్ర, ఆడోళ్ళు మగ పాత్ర తీసుకుందాం. ఇష్టమైతేనే, బలవంతమేం లేదు.

"గొంతు సన్నం చేయాల్నా?" అని ఒకరు అడిగారు. వద్దు సామీ! పోయినసారి ఒకాయన (పేరు చెప్పను, ఆయనకే తెలుసు) మంత్రగత్తెగా వచ్చి, డైస్ వేసినప్పుడల్లా లేని కొంగు సర్దుకున్నాడు. అరగంటకే విసుగొచ్చింది. అదే ఆటలో ముసలి కమ్మరి వేషం కట్టినామె, జవాబు చెప్పేముందు డైస్ అరచేతిలో నలుపుతా ఒక్క క్షణం ఆగేది. అంతే, కమ్మరి ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. మీ పాత్రకి ఏం కావాలి, దేనికి భయం, అవి ముందు తేల్చుకోండి.

మనూరికి ఇదేం కొత్త? గంగమ్మ జాతరలో మగోళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడం చిన్నప్పట్నుంచీ చూస్తానే ఉన్నాం.

ఆడ పాత్రకి బలం తగ్గుతుందా అంటే, తగ్గదు. ఈ ఆట పాత రూపం, 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్‌లో ఆడ పాత్రల బలానికి మగ పాత్రలకన్నా తక్కువ పరిమితి ఉండేది. 1989 రెండో ఎడిషన్‌లో తీసేశారు. మనం ఆడేది ఐదోది.

శుక్రవారం రాత్రిలోగా పాత్ర పేరు, క్లాసు (యోధుడా, మంత్రగాడా అనే రకం) ఇక్కడే పెట్టండి. పాత్ర వివరాలు రాసుకునే షీటు, పెన్సిలు మీవే.

వెకిలి జోకులు, వేధింపు సీన్లు వద్దు. ఎవరికి ఇబ్బందనిపించినా టేబుల్‌పై చెయ్యి పెట్టండి, కారణం అడక్కుండా సీను ఆపేస్తా.

బజ్జీలకి తలా 40 రూపాయలు. పోయినసారి బాకీ ఉన్నోళ్ళు ఇద్దరు, గుర్తుంది నాకు!