అడ్మిన్ అంటే ఎవరో చెప్పండి సార్: ఐటీ మంత్రి గారికి హన్మకొండ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను హన్మకొండల సీసీ కెమెరాలు, నెట్‌వర్కింగ్ పని చేసుకుని బతికేటోన్ని. డిప్లొమా చదివిన, ఏండ్ల సంది ఇదే పని. కాలనీ కెమెరాల లెక్కలు బ్లాక్‌చెయిన్ల, అంటే నాలుగు తావుల కాపీలుండి ఒకసారి రాసింది చాటుగ దిద్దరాని లెక్కల పుస్తకంల, పెట్టుమని కింది ఆఫీసులల్ల అర్జీలు ఇచ్చి ఇచ్చి యాష్టకొచ్చింది, కాయితం మీద ముద్ర పడుడే గని అడుగు ముందుకు పడలేదు, అందుకే అందరు చూసేటట్టు ఇట్ల రాస్తున్న. కాలనీలోళ్లు చందాలేసుకుని కెమెరాలు పెట్టుకునుడు, వాటిని నెట్‌కు కలుపుడు ఇవన్నీ మీకు తెల్వనివి కావు, అవి మళ్ల చెప్పను. కెమెరాలు పెట్టినంక వాటిని ఎవరు కాస్తున్నరో అది చెప్త.

మా కాలనీల ఒక రాత్రి ఒక ఇంట్ల దొంగలు పడ్డరు. తెల్లారి డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బా, తెరిస్తే ఒంటిగంట నుంచి నాలుగింటి దాక రికార్డింగ్ లేదు. అంతకు ముందుది ఉంది, తర్వాతది ఉంది, నడిమిట్లదే లేదు. కరెంటు పోయిందేమో అనుకుంటే పక్క గల్లీల డీవీఆర్‌ల ఆ రాత్రి మొత్తం ఉన్నది. నన్ను పిలిస్తే పోయి లాగ్, అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చిన్రో డబ్బా రాసుకునే చిట్టా, తీసిన. అండ్ల ఏమున్నది సార్, "అడ్మిన్ లాగిన్", "అడ్మిన్ లాగౌట్", గంతే. అంతకుముందు వారానిది లాగే లేదు. ఆ అడ్మిన్ ఎవరు? బిగించిపోయిన ఏజెన్సీ పిలగాడా, మెయింటెనెన్స్ చూసేటాయనా, కమిటీ పెద్దమనిషా, ఆయన కొడుకు ఫోన్‌లున్న యాపా, లేకపోతే ఏ దేశంలనో కూసున్న పరాయోడా? అందరికీ ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్, అది కూడ కంపెనీ నుంచి డబ్బాల వచ్చినప్పుడు ఉన్నదే, ఎవరూ మార్చలే. రౌటర్‌ల పోర్ట్, అంటే నెట్ నుంచి లోపలికి వచ్చే తలుపు, బయటికి తెరిచి పెట్టిన్రు, ఇంటికాడ కూసుని ఫోన్‌ల చూసుకోవచ్చని. మనోళ్లు ఫోన్‌ల చూసుకునే దారి తెరిచి ఉంటే పరాయోడు కూడ అదే దారిల వస్తడు గదా సార్.

ఇగ అనుమానం ఎవరి మీద పడ్తది? డీవీఆర్ రూమ్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటది గాబట్టి వాచ్‌మన్ మీదనే పడ్డది. ఆయనకు ఆ మౌస్ పట్టుడే రాదు, నాకు తెలుసు, రెండు మూడుసార్లు టీవీల బొమ్మ పోయిందని నన్ను పిలిచి పక్కన నిలబడి చూసేటోడు. స్టేషన్‌కు పిలిచి అడిగిన్రు, ఏం తేలలే. రికార్డింగ్ ఆయన చెరిపిండని రుజువు లేదు, చెరపలేదని చూపెట్టేటందుకు కూడ ఏం లేదు. కమిటీల కొందరు "మాకెందుకొచ్చిన లొల్లి" అని ఆయనను తీసేసిన్రు, స్కూల్ సంవత్సరం నడుమ ఇద్దరు పిల్లలను తోల్కొని రూమ్ ఖాళీ చేసి పోయిండ్రు. దొంగ దొరకలే. ఒక కూలి మనిషి పేరు మీద మచ్చ పడ్డది, దాన్ని తుడిచేందుకు కావల్సిన ఒక్క లైను లాగ్ మన రాష్ట్రంల ఏ కంప్యూటర్‌లా లేదు. ఈ మాట తల్సుకుంటే నాకు నిద్ర పట్టదు సార్.

నేను బ్లాక్‌చెయిన్ అని అడుగుతున్నది ఇందుకు. అర్జీల ఇది రాస్తే ఒక ఆఫీసర్ "బ్లాక్‌చెయిన్ అంటే బిట్‌కాయిన్ గదా, మనకెందుకయ్యా" అన్నడు, ఇంకొకాయన "బాగ కరెంటు తింటది" అన్నడు. కరెంటు తినేది మైనింగ్ సార్, అంటే కొత్త లెక్క రాసేటందుకు కంప్యూటర్లు పోటీపడుడు, బిట్‌కాయిన్ లాంటి ఎవరంటే వాళ్లు చేరే చైన్ల ఒకరినొకరు నమ్మరు గాబట్టి అది పెడ్తరు. తెలిసిన నాలుగు సంస్థలు కలిసి నడుపుకునే పర్మిషన్డ్ చైన్‌కు ఆ మైనింగే అక్కర్లేదు, మామూలు సర్వర్ సాలు. కెమెరాల అంత బలం ఉండదు గాబట్టి కాలనీకి ఒక గేట్‌వే డబ్బా, అంటే కెమెరాలకు నెట్‌కు నడుమ ఉండేది, పెట్టి దానితోని పంపియ్యాలె. వీడియో చైన్ల ఎక్కించమని అడగను, అట్ల ఎక్కిస్తే మోసుడు కాదు, పైంగ చైన్ల ఒకసారి రాసింది చెరిపెయ్యరాదు, మనుషుల మొఖాలు అండ్ల పెడితే 2023ల వచ్చిన డేటా రక్షణ చట్టంతోని పేచీ వస్తది. అయిదు నిమిషాల రికార్డింగ్‌కు ఒక హ్యాష్, అంటే 64 అక్షరాల గుర్తు, అది పోతే సాలు. వీడియోల ఒక్క ఫ్రేమ్ మార్చినా ఆ గుర్తు మొత్తం మారిపోతది. ఆ రాత్రి ఇది ఉండుంటే, రికార్డింగే ఆపినట్టయితే ఒంటిగంట దాటినంక గుర్తు రాకపోయేసరికే అలారం మోగు. రికార్డ్ అయినంక చెరిపినట్టయితే ఆ వీడియో వాపస్ రాదు, నిజమే, కానీ అది ఉండె అన్న సాక్ష్యం మిగులు. ఎవరి కీతోని, అంటే డిజిటల్ తాళంచెవితోని, లోపలికి వచ్చిన్రో తేలు, అందరికి ఒక "అడ్మిన్" కాకుండ మనిషికో కీ ఉంటది గాబట్టి.

దాని కాపీ ఒక్క ఆఫీసుల ఉంటే మళ్ల మొదటికే వస్తది. కార్పొరేషన్‌ల ఒకటి, పోలీసోళ్ల దగ్గర ఒకటి, నిట్ ఇంజనీరింగ్ కాలేజీల ఒకటి, కాలనీల సమాఖ్య దగ్గర ఒకటి ఉండాలె, ఏ ఒక్కరు దిద్దినా మిగిలినోళ్ల దగ్గర దొరకాలె. మన వరంగల్‌ల చిట్టీలు మునిగి ఎన్ని ఇండ్లు ఆగమైనయో మీకు తెలుసు, అందుకే గదా టీ-చిట్స్ అని చిట్టీల లెక్కలు చైన్ల పెట్టింది. చిట్టి పుస్తకం దిద్దరాదని తెలిసిన సర్కారుకు కెమెరా లాగ్ దిద్దరాదని చెప్పాల్నా?

డీఫాల్ట్, అంటే కంపెనీ పెట్టి పంపిన, పాస్‌వర్డ్ మార్చకుండ చైన్ ఒక్కటి పెడితే మాత్రం పైసలు దండుగ, అది నేనే ముందు చెప్తున్న. కెమెరా ముందల బట్ట కప్పితే చైన్ల కూడ బట్టనే రికార్డ్ ఐతది. 2016ల మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది గదా, అరవై పైచిలుకు డీఫాల్ట్ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌ల జతలు చేతుల పట్టుకుని లోకంల ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను ఒక్కొక్కటి తట్టి చూసి లచ్చల్ల పట్టుకున్నది. ఆ ఏడు అక్టోబర్ 21 నాడు వాటిని డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ, అంటే వెబ్‌సైట్ పేర్లకు నెట్ల అడ్రస్ చూపెట్టే కంపెనీ, మీదికి ఉసిగొల్పితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలు గంటలు తెరుచుకోలే. నేను బిగించే డబ్బాల లాంటివే సార్ అవి. కెమెరాల నడుస్తున్న ఫర్మ్‌వేర్, అంటే డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్, కంపెనీ ఇచ్చిందేనా, ఎవడన్న మార్చిండా అని చూసేటందుకు అసలు ఫర్మ్‌వేర్ హ్యాష్ ఆ చైన్ల రాసి పెడితే గేట్‌వే రోజు సరిపోల్చుకుంటది, తేడా ఉన్నదాన్ని నెట్ నుంచి కోసేస్తది. పాస్‌వర్డ్ మార్చుడు మొదటి పని, ఇది రెండో పని, రెండూ కావాలె.

2024 ఏప్రిల్‌ల కేంద్రం సీసీ కెమెరాలకు సెక్యూరిటీ టెస్టింగ్ తప్పనిసరి అన్నది, 2025 ఏప్రిల్ సంది అమలైంది. మంచిదే, కొత్తగ అమ్మేవాటికి. ఇప్పటికే స్తంభాల మీద వేలాడుతున్న వాటిని ఎవరు చూడాలె? మన రాష్ట్రం 2017ల నెట్‌కు కలిపే వస్తువుల మీద ఐఓటీ పాలసీ తెచ్చింది, 2019ల బ్లాక్‌చెయిన్ పాలసీ ముసాయిదా పెట్టింది, బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ అన్నరు. వరంగల్ 2016లనే స్మార్ట్ సిటీ లిస్టుల చేరింది. 2024 సెప్టెంబర్‌ల కేంద్రం విశ్వస్య అని సర్కారు పనులకు వాడే బ్లాక్‌చెయిన్ వేదిక విడుదల చేసింది, దాని సెంటర్లు భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌ల ఉన్నయి. హైదరాబాద్ నుంచి హన్మకొండకు ఇంత దూరమా సార్? కాగితం మీద అన్నీ ఉన్నయి, మా కాలనీ డీవీఆర్ కాడికి ఒక్కటి రాలే.

ఇది కెమెరాలతోనే ఐపోయే ముచ్చట కూడ కాదు. పరకాల, నర్సంపేట దిక్కు రైతులు బోరు మోటర్లకు సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్లు పెట్టుకుంటున్నరు, ఇంటికాన్నుంచే ఫోన్ కొట్టి మోటర్ వేసుకుంటరు. ఆ నంబర్, సెట్టింగ్ తెలిసినోడు ఎవడన్న అర్ధరాత్రి మోటర్ ఆన్ చేసిండనుకోండి, నీళ్లు లేని బోరుల మోటర్ కాలిపోతే రైతు ఎవరిని అడగాలె? రేపు మీటర్లు, వీధి లైట్లు, నల్లా వాల్వులు అన్నీ నెట్‌కే కలుస్తయి. అన్నింటికీ అదే "అడ్మిన్" ఉంటే ఎట్ల సార్?

నా విన్నపం ఇంతే. పెట్టిన ప్రతి డబ్బాకు సొంత కీ, సొంత రిజిస్ట్రేషన్ ఉండాలె. పాత కెమెరాలకు పాస్‌వర్డ్ మార్చకుంటే ఏజెన్సీకి బిల్లు ఆపాలె. వరంగల్‌ల ఏదన్న ఒక్క డివిజన్ తీసుకుని ఈ చైన్ పెట్టి చూడండి, నిట్‌ల చదివిన పిల్లలున్నరు, ఫీల్డ్ పనికి మాలాంటోళ్లం ఉన్నం, పైసలు తీసుకోకుండ చేసేందుకు కూడ నేను తయార్. మళ్ల "సంబంధిత విభాగానికి పంపించడమైనది" అన్న కాయితం వద్దు సార్, దండం పెడ్త. చేస్తరా, చెయ్యరా, ఎప్పటిలోపు చేస్తరు, ఎవరు చూస్తరు, పేరు తారీఖు రాసి జవాబు ఇయ్యండి. ఆ వాచ్‌మన్‌ను తిరిగి పనిల పెట్టుకొమ్మని కమిటీని నేను అడుగుతూనే ఉన్న, మీ జవాబు ఒకటి చేతిల ఉంటే నా మాటకు కొంచెం బలం వస్తది.

ఇట్లు,
హన్మకొండల కెమెరాలు బిగించే ఒక టెక్నీషియన్