వెల్నీ దారి గురించి చిన్నికి

చిరంజీవి చిన్నికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బామ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఆదివారం నీ ఫోను రాలేదు, డ్యూటీ ఉందేమో అనుకున్నాం. నువ్వు ఇంగ్లండులో ఈలీ ఊరి నుంచి లిటిల్‌పోర్ట్ అవతల బాడవలోకి ఇల్లు మారావనీ, విస్‌బెచ్‌కి వెల్నీ మీదుగా కారులో వెళ్తున్నావనీ శ్రీనుగాడు అత్తయ్యతో అన్నాడట. ఈ ఉత్తరం దాని గురించి కాదులే. నువ్వుంటున్న చోటి చరిత్ర చెబుదామని.

ఈలీ ఒకప్పుడు అచ్చంగా లంక. చుట్టూ ఊజ్ నది బాడవ, మధ్యలో దిబ్బ. 673లో ఎథెల్‌డ్రెడా రాణి మఠం పెట్టింది ఆ దిబ్బ మీదే. 1071లో ఇంగ్లండును గెలిచిన విలియం రాజుకు లొంగకుండా తిరుగుబాటుదారు హెర్వార్డ్ అక్కడే దాక్కున్నాడు. గుర్రాలు దిగబడే నేల కదా, విలియం ఆల్డ్రెత్ దగ్గర రాళ్లు, దుంగలు, గాలి నింపిన తోళ్లు పరిచి దారి వేయించాడట. లంకలో బంగారం ఉందని విని సైనికులంతా ఒక్కసారిగా ఆ దారి మీదికి ఎగబడ్డారు. దారి కుంగింది. ఇనుప కవచాల బరువుకు మునిగినవాళ్లు మునిగినట్టే పోయారు. తర్వాత చాలాకాలం ఆ బురదలో తుప్పు పట్టిన ఆయుధాలు దొరికేవని పాత కథనాల్లో ఉంది. తొందరపడ్డవాళ్లే పోయారు, చూశావా.

1637లో డచ్చి ఇంజనీరు వెర్మూడెన్ ఓల్డ్ బెడ్‌ఫర్డ్ కాలువ తవ్వించాడు, 1651లో రెండోది. నీరు పోయింది, లంక పొలాల మధ్య ఊరైంది. కానీ అక్కడి పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నేల, ఎండితే ముడుచుకుంటుంది, గాలి తగిలి కరిగిపోతుంది. హోమ్ ఫెన్ అనే బాడవలో 1850 ప్రాంతంలో నేలమట్టానికి దించిన ఇనుప స్తంభం ఇప్పుడు సుమారు 4 మీటర్లు పైకి కనిపిస్తోంది. అందుకే అక్కడ నది పొలం కన్నా ఎత్తున పారుతుంది, పంపులు ఆగితే నీరు పోదు. రోడ్లు కూడా అలలు తిరిగి ఉంటాయి, పక్కనే లోతైన కాలువలు. వేగంగా పోతే కారు ఎగిరి అందులో పడుతుంది.

ఆ రెండు కాలువల మధ్య అర మైలు వెడల్పు నేలను వరద నీరు నిలవడానికే వదిలారు. వెల్నీ రోడ్డు దాన్ని అడ్డంగా దాటుతుంది. చలికాలంలో ఆ రోడ్డు మునగడం మామూలే. బయల్దేరే ముందు నది మట్టం, రోడ్డు మూసివేత చూసుకో. మూసి ఉంటే డౌన్‌హామ్ మార్కెట్, ఔట్‌వెల్ మీదుగా వెళ్లు. అరగంట ముందు లేస్తే ఏం పోతుంది? ముందు కారు వెళ్లింది కదా అని నీళ్లలోకి కారు దింపకు. పారే నీరు అడుగు లోతుంటే చాలు, కారు తేలిపోతుంది. ఇంజన్ గాలి గొట్టంలోకి నీరు పోతే ఇంజనే విరుగుతుంది. కర్మం చాలక నీళ్లలో పడితే ముందు బెల్టు తియ్యి, వెంటనే అద్దం దించి బయటికి రా. తలుపుతో పెనుగులాడకు. అద్దం పగలగొట్టే సుత్తి చేతికందేలా పెట్టుకో, డిక్కీలో కాదు.

ఇంతకీ వెల్నీ మీదుగానే వెళ్తున్నావా? అమ్మ పంపిన ఊలు సాక్సులు అందాయా? బీమా కాగితంలో వరద రాసి ఉందో లేదో ఫోటో తీసి పంపు. ఏ వేళైనా సరే, ఈ రాత్రే ఫోను చెయ్యి.

నాన్న