ఊట బాగుంది, నీళ్లే బాగాలేవు

అయ్యా,

బెంగళూరులో మా పెరటి ఒరల బావి లోతు 30 అడుగులు. 2024 ఎండాకాలంలో వీధిలో బోర్లు ఎండిపోతే దీనికి పూడిక తీయించాం. మోటారుతో అడుగుదాకా తోడేసి, అడుగుకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి వదిలాను. గంటలో రెండు ముడులు తడిశాయి. 4 అడుగుల వెడల్పు బావి కదా, సుమారు 700 లీటర్లు! మా ఆవిడ పాయసం కూడా చేసింది.

నీళ్లు పరీక్షకిచ్చిన ల్యాబ్ నుంచి కాగితం వచ్చాక నోట మాట లేదు. మురుగు వల్ల కూడా నీళ్లలో చేరే నైట్రేట్ అనే లవణం లీటరుకు 80 మిల్లీగ్రాములు. తాగునీటికి హద్దు 45. కాచినా అది పోదు. పక్క సందులో కారే డ్రైనేజీ మీదే నా అనుమానం. ఫిర్యాదిచ్చి మూడు నెలలైంది. ఇప్పుడా నీళ్లు మొక్కలకూ బట్టలకే. పైపు బాగుచేసి, వీధిలోని మిగతా బావుల నీళ్లూ పరీక్షించాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక రిటైర్డ్ ఉద్యోగి, బెంగళూరు